పెన్సిలు కింద పెట్టేదాకా

ఊరికే ఆ చేతి గడియారం వంక చూడకండి. మీరు చూస్తే అది ఆగుతుందా?

ఇలా వచ్చి కూర్చోండి. ఈ గట్టు మీద చోటుంది. గేటు దగ్గర నిలబడితే వాచ్‌మన్ మళ్ళీ కసురుకుంటాడు.

నా మొహానికేమైంది? ఏం లేదు. రాత్రి నిద్ర పట్టలేదు, అంతే.

అంతే కాదు లెండి.

పొద్దున దారి పొడుగునా మీది ఒకటే మాట. కాలేజీ సీటంతా ఈ ఒక్క పరీక్ష మీదే ఉన్నా, మన చంటికి బెంగేముంది, ఇంట్లో మోడల్ పేపర్లన్నీ టైముకే పూర్తి చేసిందిగా అని. ట్యాక్సీ డ్రైవరుక్కూడా చెప్పారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆ టైము చూసిందెవరండీ? నేనే కదా.

గడియారం కనబడితే కంగారొస్తుందని అది గోడవైపు వీపు పెట్టి కూర్చునేది. ఫోను మీకిచ్చేసేది. "టైమవగానే పేపరు లాక్కో అమ్మా, జాలిపడకు" అనేది. మీరేమో పక్క గదిలో పిల్లిలా నడిచేవారు. పొయ్యి మీద కూర మాడినా నేను లేవలేదు. అంత నిష్ఠ.

నిష్ఠట.

మొదటి పేపరు రోజు టైమైంది. ఆపమందామని నోరు తెరిచాను. అది కింది పెదవి కొరుక్కుంటూ చివరి పేజీలో గళ్ళు నింపుతోంది. ఆ ఒక్క వరసా నింపుకోనీలే అనుకున్నాను. మీరున్నా అదే అనుకునేవారు.

మర్నాటికి వరస కాస్తా పేజీ అయింది. ఆ తర్వాత గడియారం ముళ్ళు చూడటం మానేసి దాని మొహం చూడటం మొదలుపెట్టాను. అది పెన్సిలు కింద పెట్టి ఒళ్ళు విరుచుకున్నాక, అప్పుడు "టైమైంది" అనేదాన్ని.

అలా చూడకండి. ఒక్కసారి సరిగ్గానే ఆపాను, పోయిన వారం. సగం భాగం తెల్లగా మిగిలిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. "ఇవాళ నాకేమైందమ్మా?" అంది. దానికేం కాలేదండీ. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా మీరొచ్చి, ఒక్క పేపరేగా, వదిలెయ్ అన్నారు. వదిలేశాను. మర్నాడు మళ్ళీ అన్నీ పూర్తిచేసింది. మీరు మీ అన్నయ్యకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నారు.

ముందే చెప్పాల్సిందా? ఎప్పుడు? రేపు పరీక్షనగా, దానికున్న కాస్త ధైర్యం నా చేత్తో నేనే లాగేసుకోనా? మీరైతే చెప్పేవారా?

ఊఁ. మళ్ళీ ఆ గడియారం వంకే.

పొద్దున గేటు దగ్గర చెప్పేద్దామనే దాని చెయ్యి పట్టుకున్నాను. హాల్‌టికెట్టు సరిచూసుకుంటూ నవ్వింది. "లోపల కూడా నువ్వే టైము చూస్తే బాగుండేదమ్మా" అంది.

ఉత్తినే అందా, తెలిసే అందా? అప్పట్నించీ ఆ మాటే నములుతున్నాను. తెలిస్తే, ఎన్నాళ్ళుగా తెలుసు? ఊరుకున్నది తన కోసమా, నా కోసమా?

అదిగో, గంట.

ఇంకా ఒకటో రెండో పేజీలు ఉండి ఉంటాయి దానికి. పెదవి కొరుక్కుంటూ ఉంటుంది. ఆ గంట కొట్టేవాడు దాని మొహం చూడడు.

కొట్టనివ్వండి. దానికి ఒక్కరైనా టైముకి కొట్టాలిగా.