బుచ్చవ్వ వినని ఆఖరి పేజీలు

ఎర్రచెల్కల పాడువడ్డ బాయి ఉన్నది గదా, దాని దిక్కు మీ అవ్వలు ఎందుకు పోనియ్యరో ఎరుకేనా? పామున్నదని చెప్పిండ్రా? పాము లేదు, గీము లేదు. జర దగ్గరికొచ్చి కూసోండ్రి, చెప్త.

నాకప్పుడు ఇరవై ఏండ్లుంటయి. ఏడుగురం ఆడోల్లం మా అరుగు మీద కూసోని బీడీలు చేస్తుంటిమి, అందరిల సదువు నాకొక్కదానికే వచ్చు, అందుకని నేను దెయ్యాల నవల సదువుతుంటే నా వంతు బీడీలు తలా ఇన్ని వాల్లే చేసి నా చాటల ఏస్తుండ్రి. అండ్ల మా పక్కింటి బుచ్చవ్వ ఉత్త పిరికిది. నన్ను వదినె అంటుండె. వద్దు వదినె, భయమైతది అనుకుంటనే జరిగి జరిగి నా మోకాలుకు ఆనుకోని కూసుంటుండె.

ఒకనాడు కతల పిల్ల తలుపు తీయవోతది, అవతల ఎవరో పేరు వెట్టి పిలుస్తుంటరు, గంతల చీకటైంది, నేను పుస్తకం మూసిన. ఒక్క పేజీ సదువు, దీపం తెస్త అని బుచ్చవ్వ బతిమిలాడింది. మా అత్త కోపం చేస్తదని రేపు సదువుత తీ అన్న. తెల్లారి దానికి జరమొచ్చింది. పిల్ల తలుపు తీసిందో లేదో చెప్పి పొమ్మనుండ్రి అని మూడొద్దులు కబురంపింది, పుస్తకంతోనే జరమొచ్చిందని నన్ను తిడతరేమోనని నేను పోలే. నాలుగోనాడు సచ్చిపోయింది. ఆడోల్లందరు ఒక్కటై పుస్తకాన్ని కొంచవోయి గా బాయిల ఏసిండ్రు. ఆఖరుకు ఏమైందో నేను సుత సదవలే.

నెల తిరగలే, పొద్దుగూకంగ మేకలు తోలుకొస్తుంటే బాయిలకెంచి, తలుపు తీసిందా వదినె, అని ఇనవడ్డది. మీరైతే ఏం జేద్దురు? ఉరుకుదురు. నేను ఉరకలే, భయం కన్నా ఏడుపెక్కువొచ్చింది, ఒక్క పేజీ సదివితే నాదేం పోతుండె అనిపించింది. ఒడ్డు మీద కూసోని నోటికొచ్చింది చెప్పిన. పిల్ల తలుపు తీసింది, అవతల ఉన్నది వాల్ల అవ్వే, ఇద్దరు బువ్వ తిని పండుకున్నరు, ఇగ నువ్వు సుత పండుకో అన్న.

బాయిలకెంచి బుచ్చవ్వ నిమ్మళంగ, గట్ల కాదు వదినె, ఆఖరి పేజీల బొమ్మున్నది, అండ్ల అవ్వ లేదు, పుస్తకం నా దగ్గర్నే ఉన్నది, దిగొచ్చి సదువు అన్నది.

నేను దిగలే, గందుకే ఇయ్యాల మీ ముందట ఉన్న. సదువు రానోల్లతోని దానికి పని లేదు, వాల్లు పోతే సప్పుడు చెయ్యదు. మీరంత బడికి పోతరు గదా, అటు దిక్కు పోకుండ్రి. పోయినా, అది అడిగితే మాకు సదువు రాదనుండ్రి.