కొంకి పురుగు పాఠం

"అమ్మమ్మా, ఫోన్ల రికార్డు పెట్టిన. కోకాపేట నర్సింగ్ కాలేజీల పాఠం చెప్పుడు ఎందుకు బంద్ చేసినవో చెప్పు."

పెట్టినవా? సరే. మోకాళ్ల నొప్పులని మీ అమ్మతోని చెప్పిన గాని, అది వట్టిదే. మోకాళ్లు సర్కారు నౌకరీల ఉన్నప్పటి సంది గిట్లనే ఉన్నయి.

నేను చెప్పేది పురుగుల పాఠం గదా. కడుపుల పురుగులు, మలేరియా, బోదకాలు, అన్నీ. మీ తాత బువ్వ తినేటప్పుడు నేను నోరు తెరిస్తే చాలు, "జర ఆగవే, ముద్ద దిగనియ్యి" అంటుండె. రిటైరయినంక ఇంట్ల కూసోబుద్ధి గాక, మణికొండ సంది ఆటోల పోయి ఆ ప్రైవేటు కాలేజీల చెప్తుంటి.

నా కాడ ఒక పద్ధతుండె. పుస్తకంల బొమ్మ చూపిస్తే పిల్లలకు అది ఎవరిదో రోగం, మనది కాదు అనిపిస్తది. అందుకని ప్రాక్టికల్‌కు ఎవరి మలం వాళ్లే తెచ్చి మైక్రోస్కోపు కింద చూసుకోవాలె. ఎనుకట సర్కారు కాలేజీల చెప్పినప్పుడు ఫొటో స్టూడియోలల్ల రీలు డబ్బాలు ఊకెనే ఇస్తుండిరి, అండ్ల తెచ్చేటోళ్లు. ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బీలాయె. ముక్కులు మూసుకునుడు, "మేడం, రేపు తెస్త" అనుడు... ఒకతైతే పక్కదాన్ని బతిమాలి అండ్ల సగం అడుక్కున్నది. నవ్వకు, నిజం. డబ్బీల మీద పేర్లు రాయనియ్యకపోతుంటి, నంబర్లే. ఎవరిది ఎవరికీ తెల్వద్దని.

ఆ బ్యాచ్‌ల శిరీష అని ఒక పిల్ల. పాలమూరు దిక్కు వాళ్లు. తండ్రి మేస్త్రీ, అక్కడనే కోకాపేటల లేస్తున్న టవర్ల కాడ పని, రేకుల షెడ్డుల ఉంటరు. ఈ పిల్ల హాస్టల్ల చేరింది. తెల్లగుండె... తెల్లగ కాదు, పాలిపోయి ఉండె. క్లాసుల కునుకు తీస్తుండె. తోటి పిల్లలు "నిద్రగోలీ" అని పిలుస్తుండిరి. చదువుల మాత్రం గట్టిది.

ఒకనాడు ఒక స్లయిడ్ల కొంకి పురుగు గుడ్లు కనబడ్డయి. అద్దం లెక్క పలుచటి పెంకు, లోపల చిన్న చిన్న ముద్దలు. ఎంత సక్కగుంటదో... సరే, నీకు వద్దులే. పిల్లలందరు లైన్ల నిలబడి చూసిన్రు. "ఈ గుడ్లు తడి మన్నుల పడితే పిల్ల పురుగులయితయి, ఉత్త కాళ్లతోని నడిస్తే తోలులకెళ్లి ఎక్కుతయి, పేగుకు కరుసుకొని రక్తం తాగుతయి" అని చెప్తున్న. శిరీష లేసింది. "అది నా నంబరే మేడం. గందుకేనా నాకు గింత నిద్ర?" అన్నది. దాని మొఖంల ఎంత సంబురమో తెలుసా. తనది బద్ధకమనుకొని సిగ్గుపడుతుండెనట, పిచ్చిది.

నేను గూడ ఖుషీ అయిన. దానిదేముంది, పురుగుకు ఒక గోలీ, కొన్ని నెలలు రక్తం పట్టే గోలీలు. అంతే.

ఆ మాపటికి మెస్సుల శిరీష వచ్చి కూసుంటే, ఆ బల్ల మీది పిల్లలు పళ్లేలు పట్టుకొని ఇంకో బల్లకు పోయిన్రట. నర్సులయ్యే పిల్లలు, చూడు. పక్కల కూసుంటే అంటుకోదే, పళ్లెంతోని రాదే అని తెల్లారి మల్ల మొదటి సంది పాఠం చెప్పిన. పరీక్షల అట్లనే రాసిన్రు, మంచి మార్కులే వచ్చినయి. పళ్లేలు మాత్రం జరిపినకాడనే ఉన్నయి.

ఎంతమంది జరిగిన్రంటవా? నువ్వు ఒకటే లెక్కలడుగుతవ్, శాతాలు తీస్తవా ఏంది? అందరు, బిడ్డా. ఒక్కతి తప్ప అని చెప్పనీకె గూడ లేదు.

ఒక పిల్ల తండ్రి ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి లొల్లి పెట్టిండు. ప్రిన్సిపాల్ కోస్తా దిక్కు ఆమె, మనిషి మంచిదే. నన్ను పిలిచి, "తగ్గేదాకా ఆ అమ్మాయిని ఇంటికి పంపిద్దామండి, పేరెంట్స్ ఊరుకోవట్లేదు" అన్నది. "అమ్మా, రోగం ఎక్కిందే ఆడ. షెడ్డు ఎనక తడి మన్ను, పాయఖానా లేదు. ఇంటికి పంపుడంటే మల్ల అండ్లకే దింపుడు" అన్న. "మీరు గెస్టు లెక్చరరు కదండీ. ఇవన్నీ మేం చూసుకోవాలి కదా" అన్నది.

పురుగు గోలీ నా ముందటనే మింగిపిచ్చిన. రక్తం గోలీలు సంచిల వేసి పంపిన. తగ్గినంక రమ్మన్న. రాలే. ఫోన్ చేస్తే ఎత్తకపోతుండె. నాకు గూడ ఆ క్లాసుల నిలబడి చెప్పబుద్ధి గాలే, బంద్ చేసిన. ఇప్పుడు ఆడ కొనుక్కొచ్చిన స్లయిడ్లు చూపిస్తరట. ఎవరివో ఏమో.

మొన్న ఐతారం శిరీష ఫోన్ ఎత్తింది. ఏదో ఆఫీసు టవర్ల హౌస్ కీపింగట. "ఇప్పుడు నిద్ర వస్తలేదు మేడం, ఒంట్ల మంచిగుంది" అన్నది. "మరి రా బిడ్డా, నేనే వచ్చి ప్రిన్సిపాల్‌తోని మాట్లాడుత. చేర్చుకుంటరు" అన్న.

"చేర్చుకుంటరు మేడం. బువ్వ ఏడ కూసొని తినాలె?"



ఇగ చాలు, బంద్ చెయ్. నీకు ఆఫీసు యాళ్లయితుంది. ఏడికన్న పో బిడ్డా, నీ పక్కకొచ్చి కూసొని తినేటోళ్లు దొరకాలె నీకు. అంతే... గంతే.