సీసాల గది వాసన

హలో… ఆ, నేనే. అక్కని.

పనిలో ఉన్నావా… ఆ రంపం ఒక్క నిమిషం ఆపరా, నీ మాట నాకు అందడం లేదు.

ఆఁ, ఇప్పుడు బాగుంది.

ఏం లేదు. పాప గదిలో నువ్వు బిగించిన అలమర గురించి… బాగోలేదని ఎవరన్నారు? తలుపులు వెన్నలా జారుతున్నాయి. నేనడిగేది వాసన గురించి.

…పాలిష్ వాసనా?

ఒరేయ్, వడ్రంగి కూతుర్ని. నాన్న ఒళ్ళో కూర్చుని పెరిగిందే ఆ వాసనలో. ఇది అది కాదు. పొద్దున అలమర తలుపు తీశానా, కళ్ళు భగ్గుమన్నాయి. ముక్కులో సూది పెట్టినట్టయింది. కాలేజీలో నేను ఊడ్చే సీసాల గది గుర్తుందా… అదే, కప్పల్నీ పాముల్నీ మందునీళ్ళలో వేసి ఉంచే గది. అచ్చం ఆ వాసనే.

…నవ్వకు. అలమరలో కప్ప ఉందని నేననలేదు.

ఫార్మలిన్ అంటారు ఆ నీళ్ళని. పొట్టుని జిగురుతో నొక్కి చేసిన పలకల్లోంచి కూడా ఆ ఆవిరే వస్తుందట. మా ల్యాబు మేడమ్‌ని అడిగాను… అవును, నీకంటే ముందు ఆవిడకే ఫోన్ చేశాను. ఏం?

…మంచి పలకల్లో తక్కువుంటుందా. సరే, ఒప్పుకున్నా. నువ్వు మంచివే వేశావా?

…రకం చెప్పే ముద్ర ఉన్నవే?

అక్కడ ఆగు. ముద్ర చూడందే పలక కొనొద్దని నాకు నేర్పింది నువ్వే. అందుకే టార్చి పట్టుకుని అలమర వెనక్కి దూరాను. ఈ వయసులో, ఈ ఒళ్ళేసుకుని. ఏ పలక చూసినా మూలన అరచేయంత మేర గరుకు కాగితంతో రుద్దేసి ఉంది. వెనక అంచులు మాత్రం పచ్చిగా వదిలేశావు, పట్టీ అతికించలేదు, పొట్టు రాలుతోంది. గోడవైపు ఎవరు చూస్తారని అంత నునుపు చేశావురా?

దగ్గకు. దగ్గు నాకు జవాబు కాదు.

ఇంకోటి. బిగించిన రోజు మూతికి తడిగుడ్డ కట్టుకున్నావు. అన్నం మెట్ల మీద తిన్నావు. లోపల ఫ్యానుంది రారా అంటే గదిలో ఫోనుకి సిగ్నల్ అందదన్నావు. ఇప్పుడు నేను ఆ గదిలోంచే మాట్లాడుతున్నా. గంట కొట్టినట్టు వినపడుతున్నానా?

రేపు పాప ఇంటికొస్తుందిరా. నెలలు నిండకుండా పుట్టి, ఆసుపత్రిలో గాజుపెట్టెలో పడుకుని, ఇప్పుడిప్పుడే సొంతంగా ఊపిరి తీసుకోవడం నేర్చుకుంది. నా పిడికిలంత లేదు దాని రొమ్ము. దాన్ని తెచ్చి ఇందులో పడుకోబెట్టమంటావా?

…ఎవరన్నారు నాకు చెప్పొద్దని?

…మావాడా? పాపని కన్న తండ్రా?

మళ్ళీ చెప్పు. మెల్లగా.

…తక్కువ రకం చాలన్నాడు. అమ్మ వెనక్కెళ్ళి మరీ చూస్తుంది, ముద్ర కనపడకుండా చెయ్యి మామయ్యా అన్నాడు.

…అంటే నేను చూస్తానని వాడికి తెలుసు. అంత తెలిసినవాడికి ఈ ఆవిరి పాపకి పడదని తెలియలేదా.

నువ్వు చెప్పలేదా వాడికి?… చెప్పావు. కిటికీలు తీసిపెడితే నెలకల్లా వాసన దానంతటదే పోతుందన్నాడు. నువ్వూ తలూపావు.

బాగుంది. ఆ నెల మేనమామా మేనల్లుడూ కలిసి ఈ గదిలో పడుకోండి. పాప నా గదిలో ఉంటుంది.

…ఏడవకు. నీ మీద తర్వాత తీరిగ్గా కోప్పడతాను. పొద్దున్నే సామాను తీసుకుని రా. మరలన్నీ విప్పాలి. పాపని తెచ్చే కారు వచ్చేలోగా ఒక్క పలక కూడా ఈ ఇంట్లో ఉండకూడదు. కోడలికేం చెప్పాలో నేను చూసుకుంటా.

…నువ్వు చెప్పావని వాడికి తెలియకూడదా? అదొకటా నీ బాధ.

ఆగు… వీధి తలుపు తాళం తిరుగుతోంది. వాడే.

…లేదు, అరవను. కిటికీలు మూస్తున్నానంతే. నాన్నా, ఇలా రా, పాప గదిలో కూర్చుని కాఫీ తాగుదాం అంటాను. తలుపు దగ్గరికి వేసి. ఎంతసేపు కూర్చుంటాడో చూద్దాం.

…నేనా? వాడు లేచేదాకా కూర్చుంటాను. సీసాల గది నాకు అలవాటేగా.

పెట్టేస్తున్నా.