ఆవం గోడలో మూడు జాడీలు

షోవా యాభై ఆరవ సంవత్సరం, అంటే 1981, ఏప్రిల్ ఒకటవ తేదీన శ్రీ హిగాకి సోహెయ్ గారు మన కామినుమా కుండల సహకార సంఘంలో చేరారు. కుమ్మరి విద్య నేర్వాలని కొండ దాటి వచ్చిన ఆ యువకుని చేతికి, కుండలు కాల్చే ఆవానికి అప్పటి పెద్ద, కీర్తిశేషులు మినోబె గారు, మట్టి ఇవ్వలేదు. గొడ్డలి ఇచ్చారు. మంటను చదవడం రానివాడికి కుమ్మరి సారె ఎందుకన్నది వారి సిద్ధాంతం. ఆ ఏడాదంతా సోహెయ్ గారు పైన్ దుంగలు చీల్చారు, ఎదురు మాట్లాడలేదు.

సారె ఎక్కిన తర్వాత ఆయన చేతినుంచి వచ్చినవి ప్రధానంగా జాడీలే. ఈ లోయలో ముల్లంగి ఊరవేసే ప్రతి ఇంటా ఆయన జాడీ ఒకటి ఉంటుంది. మినోబె గారు కాలం చేసినప్పుడు సంఘం ఏకగ్రీవంగా ఆయననే ఆవం పెద్దను చేసింది. గురువుగారు ఆయనకు విడిచి వెళ్లిన ఆస్తి ఒక్కటే: స్వయంగా తవ్వి, గుంటలో పూడ్చి, ఏళ్ల తరబడి పక్వానికి ఉంచిన కొద్దిపాటి మట్టి.

హెయ్‌సెయ్ పదవ సంవత్సరం, అంటే 1998, శీతాకాలంలో క్యోతో ప్రదర్శనకు ఆహ్వానం వచ్చింది. మన ఊరి కుమ్మరికి అటువంటి గౌరవం అదే ప్రథమం. ఆయన ఆ గుంట మొత్తం ఖాళీ చేసి మూడు పెద్ద జాడీలు చేశారు. చలికి అవి ఆరలేదు. ఇంతలో ఆవం వెలిగించే రోజు రానే వచ్చింది.

ఆవం మండుతుండగా ఊళ్లో ఎక్కడా పచ్చిమట్టి ఉండరాదన్నది మన పూర్వాచారం. నిప్పులోకి వెళ్లిన మట్టిని చూసి బయటి మట్టి అసూయ పడుతుందని పెద్దల నమ్మకం. అందరూ మట్టి ఖాళీ చేశారు. కొండవాలున మెట్లుమెట్లుగా గదులు కట్టిన మన ఆవంలో నాలుగో గదిలో తన ఏడాది కష్టమంతా పేర్చిన ఓబాతా కిను బామ్మ, ఆయన కొట్టంలోకి తొంగి చూసింది.

"ఏరా సోహెయ్, ఊరంతా ఊడ్చి పెట్టుకుంటే నువ్వొక్కడివే ముసుగేసి దాచావేంట్రా? ఏం, పెళ్లికూతుళ్లా?"

"ఆరలేదు బామ్మా. తడిగుడ్డ కప్పానుగా, నిప్పుకు కనపడవులే."

"నిప్పుకు ఒళ్లంతా కళ్లేరా! నా కుండలకేమన్నా అయిందో, ఆ జాడీల్లోనే నిన్ను ఊరేస్తా."

నిప్పు పెట్టిన మూడో రోజు మధ్యాహ్నం భూమి కంపించింది. నాలుగో గది గోడ చీలి, మంట నాలుక బయటకు చాపింది. ఆ కమాను కూలితే పై గదులన్నీ దాని వెంటే పోతాయి. అంటే ఊరి తిండి పోతుంది.

"మట్టి! మట్టి తెండి!" అని ఆయన కేక వేశారు. ఆవం దగ్గరే ఉన్న నేను మట్టి కోసం ఇల్లిల్లూ తిరిగి వచ్చాను.

"ఎవరింట్లోనూ పిడికెడు లేదన్నా! కొండమీది మట్టి రాయిలా గడ్డకట్టింది."

ఆయన కొట్టం వైపు చూశారు. వారి సతీమణి నాత్సుయె గారు ఆ చూపును పట్టేశారు.

"ఏవండీ, అది మినోబె గారి మట్టి. మళ్లీ దొరకదు."

"తెలుసు. ఆ గడ్డి ఇటివ్వు."

రెండు చేతులూ మొదటి జాడీ భుజాలపై ఆనించి లోపలికి నొక్కేశారు. ఇసుక, తరిగిన గడ్డి కలిపాం. కిను బామ్మ మంచులోనే చెప్పులు విడిచి తొక్కింది. తొక్కుతూనే తిట్టింది: "ఆచారం తప్పిన వెధవా! ఇంకాస్త ఇసుక పొయ్యరా!" మెత్తిన మట్టి వేడికి ఎండి బీటలిచ్చింది. దానిపై మళ్లీ మెత్తాం. రెండో జాడీ కూడా అయిపోయింది.

"మూడోది ఉంచుకోరా," అంది బామ్మ, ఈసారి తిట్టకుండా. "నా కుండలు పోతే పోనీ."

"గోడ ఉంటే జాడీలు చేసుకోవచ్చు బామ్మా. లే, తొక్కు."

గోడ నిలిచింది. ఆవం చల్లారి తలుపు విప్పినప్పుడు బామ్మ కుండలు చెక్కుచెదరకుండా వచ్చాయి. క్యోతోకు ఆయన పంపిన జవాబు ఇది: "జాడీలు బాగానే కాలాయి. కానీ గోడలో ఉన్నందున పంపలేకపోతున్నాను."

ఆ తర్వాత ఆచారం మారింది. ఆవం పక్కన తడిమట్టి తొట్టె ఉంచకుండా ఇప్పుడు నిప్పు పెట్టం. మొదటి తొట్టె నింపినది కిను బామ్మే. ఆ గోడ అతుకులో మూడో జాడీ అంచు, ఆయన వేళ్ల గుర్తులు నేటికీ కనిపిస్తాయి. ఏటేటా నిప్పులో బూడిద పడి కరిగి అవి మెరుగెక్కుతున్నాయి.

ఆ వసంతంలోనే ఆయన కొత్త మట్టి తవ్వి గురువుగారి గుంటలో పూడ్చారు. ఎప్పుడు తీస్తారని అడిగితే, "ఆవం పెద్దగా ఉన్నన్నాళ్లూ తియ్యను. తీస్తే మళ్లీ ఏ గోడకో అతకాల్సొస్తుంది," అని నవ్వేవారు.

ఆవం పెద్ద పదవి దిగాక, పోయిన వారం ఆయన ఆ గుంట విప్పారు. ఇప్పుడు కొట్టంలో మూడు జాడీలు తడిగుడ్డల కింద ఉన్నాయి. ఏప్రిల్‌లో నిప్పు పెట్టబోయే కొత్త ఆవం పెద్ద, కిను బామ్మ మనవరాలు సాచిహో, నిన్న వెళ్లి ఆయనకు చెప్పివచ్చింది: "బాబాయ్, ఈసారి తొట్టెలు రెండు నింపాం. మీ కొట్టం గడప ఎవరూ తొక్కరు."

శ్రీ సోహెయ్ గారు, నాత్సుయె గారు ఆ గోడ అతుకులాగే ఏటికేడు గట్టిపడుతూ నిండు నూరేళ్లూ ఆరోగ్యంతో వర్ధిల్లాలనీ, ఆ మూడు జాడీలు శరత్కాలపు నిప్పులో కాలి క్యోతో చేరాలనీ సంఘ సభ్యులందరి పక్షాన ఆకాంక్షిస్తున్నాను. గోడ సంగతి మేం చూసుకుంటాం.