కొబ్బరికాయ బ్లడ్ గ్రూపు

2004 ఏప్రిల్. అమలాపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ. ప్రాజెక్టు వైవాకి ఇంకా గంట ఉందనగా, కంప్యూటర్ ల్యాబ్‌లో లెక్చరరమ్మ ఆఖరి సంవత్సరం చదివే అమ్మాయిని పిలిపించి, ఆమె ప్రాజెక్టు రిపోర్టు ముందు పెట్టింది.

“అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకి సాఫ్ట్‌వేర్! ఇదంతా నువ్వే రాసేవా?”

“ఆయ్, నేనేనండి.”

“అయితే ఇరవయ్యో పేజీ పైకి చదువు తల్లీ.”

“కోకోనట్ నేమ్, కోకోనట్ ఏజ్, కోకోనట్ బ్లడ్ గ్రూప్...”

“ఆగేవేం? మీ దొడ్లో కాయలది ఏ గ్రూపు? బి పాజిటివా?”

“హైదరాబాదులో ఆస్పత్రి ప్రాజెక్టు కొన్నానండి. పేషెంట్ అని ఉన్నచోటల్లా కోకోనట్ అని ఒక్కసారే మార్చేసేను.”

“ఓహో! నాలుగేళ్లు చదివితే ఆ ఒక్క మీట నొక్కడం వచ్చిందన్నమాట. వెనక పేజీలో కాయని ప్రసూతి వార్డులో కూడా చేర్చేవు.”

“వైవా పోతే డిగ్రీ ఆగిపోద్దండి. సంతకం పెట్టినప్పుడే మీరు చెప్పొచ్చు కదండీ?”

“ఏం సంతకం?”

“మొదటి పేజీలోనండి. మీ పర్యవేక్షణలోనే చేసేనని, ప్రతి పేజీ మీరు పరిశీలించేరని ఉంది కదండీ. ఎగ్జామినర్ గారు ముందు అదే చదువుతారంటండి.”

లెక్చరరమ్మ మొదటి పేజీ తిప్పి చూసుకుంది.

“ఆ తలుపు దగ్గరగా వేసి రా.”

“ఎందుకండీ?”

“ఎందుకేమిటి! ఆయనొచ్చేలోగా నీ కాయలన్నిటినీ డిశ్చార్జి చెయ్యొద్దూ? కంప్యూటర్ ముందు కూర్చో.”