అంబాసిడర్‌లో రైస్‌మిల్లు ఇంజన్

యాదగిరి దినాలు ఇంకా కాలేదు. పొద్దుగూకే వేళకు కరీమాబాద్‌లో వాళ్లింటి అరుగు మీద చేరుతున్నాం గానీ, ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియడం లేదు. లోపల గడప పక్కన యాదగిరి భార్య సమ్మమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంటుంది. భర్త పోయినప్పటి నుంచి ఆమె నోరు తెరవలేదు. ఏడవనైనా ఏడవలేదు. మా అందరి భయం అదే.

వాకిట్లో యాదగిరి అంబాసిడర్ నిలబడి ఉంది. ఆయనతో కలిసి జీవితమంతా మెకానిక్ షెడ్డు నడిపిన అబ్బాస్ భాయ్ దాన్నే చూస్తూ, ఎవరూ అడగకుండానే మొదలుపెట్టాడు. భాయ్ కోతలు మాకు కొత్త కాదు. ఆయన కోస్తూ పోతుంటే యాదగిరి బీడీ నలిపేసి ఒక్క మాట అనేవాడు, దాంతో కథ కూలబడేది. ఇన్నేళ్లూ మా సాయంత్రాలు అట్లాగే గడిచాయి.

“గీ బండి సొంత ఇంజన్ జామైనప్పటి ముచ్చట. యాదగిరి ఒకటే ఫికర్ జేత్తాండు, ఇప్పుడు ఇంజన్ ఏడ దొరుకుతది భాయ్ అని. నేనన్న, జర ఆగు, నెక్కొండల రైస్‌మిల్లు సేటు కరెంటు మోటర్ పెట్టుకున్నడు, పాత ఆయిల్ ఇంజన్ మూలకు పడ్డది, అడిగితే ఇత్తడు. పోయినం, అడిగినం, ఇచ్చిండు. ఏనుగంత ఉన్నది. క్రేన్ తెప్పిస్తా అంటాండు సేటు, అక్కెరలేదన్న, గిట్ల సంకల వెట్టుకొని నేనే ట్రాక్టర్ల ఏసిన.”

అక్కడ ఆగి చుట్టూ చూశాడు.

“నీ బలం మాకు ఎర్కలేదా,” అన్నాడు ఎదురింటి కట్టయ్య. చావింట్లో ఎవరి మాటా కాదనకూడదని ఆ పెద్దాయన లెక్క.

భాయ్‌కి ఆ మాట రుచించలేదు. అయినా ముందుకు సాగాడు.

“బానెట్ల పట్టలె. ఎట్ల పడ్తది, ఊరందరి వడ్లు పట్టిన ఇంజనాయె. డ్యాష్‌బోర్డు కోసినం, పట్టలె, ముంగటి సీట్లు పీకినం, అప్పుడు కూసున్నది. డ్రైవర్ జాగల ఇంజన్ కూసున్నది, డ్రైవర్ ఎన్క సీట్లకు పోయిండు. స్టీరింగుకు బోరు పైపు అతికిచ్చి హ్యాండిల్ గొట్టిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? పొగ లేసింది. ఆ పొగ జూసి కాజీపేటల ఆడోళ్లు మొగులై వాన వత్తాందని దండేల మీది బట్టలు తీసుకున్నరు.”

“మా అమ్మ గూడ తీసే ఉంటది భాయ్,” అన్నాడు పక్కింటి మధు. ఆటో నడుపుకునే పిల్లాడు, వేరే రోజైతే పగలబడి నవ్వేవాడు.

“సేటుకు సూపెడ్దామని నెక్కొండ తోలినం. ఆడ స్టేషన్ల ప్యాసింజర్ రైలు ఆగిపోయున్నది. ఇంజన్ ఫెయిలు. పెండ్లోళ్లున్నరు అండ్ల, పసిపిల్లలు ఏడుత్తాండ్లు. యాదగిరి మనసు మీకెర్కే గదా, ఎవల బండి ఆగినా సూడలేడు. మోకు గట్టు భాయ్ అన్నడు. గట్టిన. ఇగ ముంగట మన అంబాసిడర్, ఎన్క రైలు డబ్బలు, డోర్నకల్ దాకా గుంజుకపోయినం. ఆడ స్టేషన్ మాస్టర్ సలాం గొట్టి, మీ బండి ఏ ప్లాట్‌ఫారం మీద వెడ్తరు సార్ అని అడిగిండు.”

మళ్లీ ఆగాడు. ఈసారి కట్టయ్య వైపు తిరిగాడు.

“ఏం కట్టన్నా?”

“అంతే కావచ్చు,” అన్నాడు కట్టయ్య మెల్లగా. “యాదగిరి పని గట్లనే ఉంటుండె.”

భాయ్‌కి ఎక్కడలేని కోపం వచ్చింది.

“ఏం అంతే కావచ్చు? అంబాసిడర్ రైలును గుంజుతదా? నెత్తి నెరిసింది నీకు, ఒక్క మాట అడగరాదా? వాడుంటే సంకల వెట్టుకున్న కాడనే నన్ను పట్టుకుంటుండె. నేను ఏమన్నా ఊ కొడ్తాండ్లు మీరు. నన్ను ఆపేటోడు ఎవడున్నడిగ?”

తలలు దించుకున్నాం. అయినా ఆయన ఆపలేదు. ఆపితే ఇంటికి పోవాలి గదా అన్నట్టు చెప్పుకుంటూ పోయాడు.

“గుంజి గుంజి ఇంజన్ వేడెక్కింది. బిందెలకు బిందెలు పోసినం, సాలలె. పాలంపేట తోలి రామప్ప చెరువుల పైపు ఏసినం. ఒక్కటే గుక్క. చెరువు అడుగు కనవడ్డది, చేపలు మా దిక్కు సూత్తానయ్. రైతులు ఉరికొచ్చిండ్లు, మా వరి ఎండుతది అని. ఫికర్ జేయకుండ్రి అన్న, ఫ్యాన్ ఉల్టా తిప్పిన, తాగిన నీళ్లన్నీ ఆవిరై లేసి, మొగులై, వానై, ఎవల మడిల వాళ్లకు సమానంగ పడ్డయ్. ఇగ ఆన్నుంచి ఒక్క దౌడుల వరంగల్ వచ్చినం, అండర్ బ్రిడ్జి ఎక్కుడు కాడ బండి గాలిల లేసి...”

“అబ్బాసన్నా.”

లోపలి నుంచి. వాడక లేక గొంతు బొంగురుపోయింది గానీ, అది సమ్మమ్మ గొంతే. మేమంతా గడప వైపు తిరిగాం.

“మిల్లు ఇంజన్ గాదు, పాత జీపుది,” అన్నదామె. “దాని బరువుకే బండి ముక్కు నేలకానింది. నన్ను ఎక్కిచ్చుకొని తిప్పుకొస్తమని తీసిండ్లు, అండర్ బ్రిడ్జి ఎత్తు ఎక్కలె. నడుమల్నే ఆగింది.”

భాయ్ ఆమె వైపు జరిగి కూర్చున్నాడు. “ఆగిందా చెల్లె?”

“ఆగింది. స్టీరింగ్ నా చేతికిచ్చిండు. నాకు రాదయ్యా అంటే, తిప్పకు, ఉత్తగ పట్టుకో అన్నడు. అద్దంల నాకు అంతా కనవడ్డది. ఆయన ఎన్కనుంచి నూకిండు. నువ్వు పక్కపొంటి నడుసుకుంట ముచ్చట చెప్పినవ్.”

“నేను గూడ ఒక చెయ్యి ఏసిన చెల్లె.”

“ఏసినవ్. ఆయన భుజం మీద.”

మధు నవ్వు ఆపుకోలేకపోయాడు. సమ్మమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆ నవ్వు అట్లాగే ఏడుపైంది, ఇల్లంతా వినపడేటంత ఏడుపు. అబ్బాస్ భాయ్ మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, “నూకింది వాడే చెల్లె, వాడే,” అంటూ పసివాడిలా వెక్కిళ్లు పెట్టాడు. ఆమెను ఓదార్చడానికి ఆడవాళ్లు లేవబోతుంటే కట్టయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆపకుండ్రి,” అన్నాడు. “ఏడ్వనియ్యుండ్రి.”