సంజయ్ సర్వే, నా సంతకం

మా వోడికి సున్నా ఏసీండి మేడమ్, అని కన్నతల్లిని నేనే సెప్తన్నాను కదా, ఇంక మీకేటండి ఇబ్బంది? కాపీ కొట్టినోడు తప్పాల. ఏడాది పోతే పోనీండి.

అలా సూస్తారేటి? నిజమే, పదిరోజుల కిందట ఇదే కుర్సీలో కూకుని ఏడ్సినాను. మా సంజయ్‌ని ఫెయిల్ సెయ్యొద్దని మీ కాళ్లు పట్టుకోబోయినాను. అదీ నేనే, ఇదీ నేనే.

ఎదవ పని సేసినాడు, కాదన్ను. కాలేజీ ప్రాజెక్టుకి ఊరి సర్వే సెయ్యమంటే ఒక్క గడపా తొక్కకుండా సీనియర్ రిపోర్టు దించీసినాడు. ఊరి పేరు మార్సినాడు గానీ లోపలేటుందో సూడొద్దా? మా ఊళ్లో నలబై పడవలున్నాయట! రాజాం పక్కన సముద్రం ఎక్కడుంది మేడమ్? మీరు నవ్వు ఆపుకున్నారు, నేను సూసినాను.

మీరు మంచోరు. సున్నా ఎయ్యకుండా, వంద ఇళ్లూ తిరిగి మళ్లీ రాసుకురమ్మన్నారు. పిల్లల బరువులు తూసి, అంగన్‌వాడీ పుస్తకంతో సరిసూసి, టీచరు సంతకం ఎట్టించమన్నారు. దర్మమైన శిచ్చే. కానీ మా ఊరి అంగన్‌వాడీ టీచర్ని నేనే కదండీ!

"మరింకేటి, సంతకం ఎట్టీ" అంటారా? అంత సులువేటి?

తిరిగినాడు మేడమ్. మా సెంటర్లో బరువు మిషను బుజానేసుకుని ఎండలో తిరిగినాడు. మొన్న అన్నం ముందు కూకుని అడిగినాడు. "అమ్మా, కూర్మమ్మ మనవరాలు నీ పుస్తకంలో పదకొండు కేజీలున్నాది. నేను తూస్తే ఎనిమిదిన్నరే వచ్చిందేటి?"

మిషను తప్పురా అన్నాను. మూడుసార్లు తూసినానమ్మా అన్నాడు.

ఏటి సెప్పను? ఆ మిషను నేను ముట్టుకుని ఏడు నెలలయినాది. మీటింగులంటారు, ఫోన్లో ఎంట్రీలంటారు, ఒక్కదాన్ని ఎన్నని సూడను? కిందటి నెల అంకె సూడ్డం, రెండొందల గ్రాములు కలపడం. అందరు పిల్లలకీ అంతే.

నా పుస్తకంలో ఆ పిల్ల నెలనెలా ఎదుగుతానే ఉన్నాది. ఇంటికాడ సిక్కిపోతన్నాది. తగ్గిందని రాసుంటే ఎప్పుడో ఆస్పత్రికి పంపీవోళ్లం. సిగ్గుగా ఉన్నాది మేడమ్, బయ్యంగానూ ఉన్నాది.

ఇప్పుడు వాడి కాయితం మీద సంతకం ఎడితే నా పుస్తకం దొంగదని నేనే ఒప్పుకున్నట్టు. ఉజ్జోగం ఊడతాది, మాకు వేరే ఆదారం నేదు. ఎట్టకపోతే, నిజం రాసినోడు మళ్లీ దొంగయిపోతాడు. మీరు సున్నా ఏసీసి మూల పడేస్తే ఆ కాయితం ఎవులూ సూడరని... అందుకొచ్చినాను.

అదిగో, బయట బెంచీ మీద కూకున్నాడు. అమ్మ సంతకం ఎట్టడానికే వచ్చిందనుకుంటన్నాడు.

మొన్నట్నుంచీ ప్రార్దనకి మోకరిల్లితే నోట్లోకి ఒకటే మాట వస్తన్నాది మేడమ్. ఈసారి కూడా నా కొడుకు కాపీ కొట్టుంటే ఎంత బాగుణ్ణు ప్రబువా, అని.